చేతికందే మట్ట

2024 జూన్ 9, ఆదివారం, పూండి

మృగశిర కార్తె వచ్చి రెండు రోజులయింది. రాత్రి వాన కొట్టింది. తెల్లారేసరికి అరుగు మీద నలుగురు గుంటలు, చంకల్లో పోయినేటి నోటుపుస్తకాలు. బడి తెరవడానికి ఇంకా నాలుగు రోజులుంది గానీ పాత పుస్తకాలకి అప్పుడే విలువ పోయింది. కత్తిపడవలు చెయ్యమని పేచీ.

చేసిస్తే చాలదు కదా, నీళ్లేవి? ఉద్దానం నేల ఇసక. ఎంత వానయినా కాసేపట్లో తాగేసి ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది. కొబ్బరికీ జీడికీ బాగానే ఉంటుంది, కాగితం పడవలకే గతి లేదు. రోడ్డు పక్క తూము దగ్గర నీళ్లుంటాయి, లారీలూ ఉంటాయి. చూరు కింద బట్టలు నానబెట్టే టబ్బు పెట్టాను. అది నిండేలోగా పడవలు మడిచాం. అయిదేళ్ల చేతికి మడత రాదని కాదు, మూలకి మూల కలపడం రాదు. కలవకపోయినా పడవ అవుతుంది, ఒక పక్కకి ఒరిగి గిర్రున తిరుగుతుంది. "మామ్మా, నాది సుడిగుండంలోన పడిపోనాది!" అని ఒక బొట్టి గంతులు. సరిగ్గా మడిచిన నా పడవ టబ్బు మధ్యలో కదలకుండా నిలబడిపోయింది. దాన్ని ఎవరూ చూడలేదు.

జూన్ 16, ఆదివారం

విశాఖ నుంచి కోడలు ఒక పెట్టె పంపింది. "అత్తయ్యా, మీ పిల్లలకి పనికొస్తాయి" అని ఫోను. నాలుగు కాలాలకి నాలుగు సంచులు. ఒకదాన్లో అయిదు వేళ్లలా చీలిన ఎర్రటి ఆకులు. ఇంకోదాన్లో దూదితో మంచుమనిషిని చేసే సరంజామా, వాడికి నారింజరంగు ముక్కు. మా గుంటలకి మంచు అంటే ధనుర్మాసంలో ఎదురింటి గడప కనపడకుండా చేసేదే. దాన్ని ముద్ద ఎలా చేస్తారని అడిగారు. నాకూ తెలియదన్నాను.

కోడలి మనసు మంచిది. పెట్టె కట్టినవాళ్లకి మా ఊరు తెలియదు, అంతే. పూండికి కాలాలు నాలుగూ కావు, ఆరూ కావు. జీడిపూత, పిక్కలు, ముంజెలు, పనస, తొలకరి, తుఫాను, మంచు. తుఫాను ఇక్కడ ఒక కాలమే.

దూది దీపావళి వత్తులకి దాచాను. ఆ చిన్న ప్లాస్టిక్ కళ్లు మాత్రం ఏరి అటక మీద పెట్టేశాను. మూడేళ్లవాళ్లు దేన్నయినా ముందు నాలుకతోనే చూస్తారు.

జూలై 14, ఆదివారం

ఆషాఢం. వీధి చివరి గోరింటచెట్టు సగం బోడి అయిపోయింది. ఆకు దూయడం వాళ్ల పని, రోట్లో కాస్త చింతపండు వేసి రుబ్బడం నా పని. వాళ్లు దూసిన దాంట్లో ముళ్లు, చీమలు, ఒక గొంగళిపురుగు. అరచేతిలో చందమామ, చుట్టూ చుక్కలు. పిల్లల చేతికి ఇంతకంటే గొప్ప డిజైను అక్కర్లేదు. కోనుతో గీసే తీగలు పెళ్లికూతుళ్లకి. చుక్క పెట్టడం నాలుగేళ్లకే వస్తుంది కాబట్టి ఒకరి చేతికి ఒకరు పెట్టుకున్నారు. కష్టమంతా ఆ తర్వాత గంటసేపు చేతులు కదపకుండా కూర్చోవడంలో ఉంది. కథ చెబితే కూర్చున్నారు. ముక్కు దురద పెట్టినవాడికి నేనే గోకాను.

ఒక గుంటడు కూడా చెయ్యి చాపాడు. వాళ్ల నాయనమ్మ వీధిలోంచే, "మొగ గుంటడికి గోరింటాకేటప్పా!" అంది. తగువెందుకని చిటికెనవేలికి ఒక్క టోపీ పెట్టాను.

జూలై 15

వాడి చిటికెనవేలే అందరికంటే ఎర్రగా పండింది. వీధంతా తిరిగి చూపిస్తున్నాడు. చేతి మీదిది రెండు వారాల్లో పోతుంది గానీ, గోటి మీదిది గోరు పెరిగి కత్తిరించేదాకా ఉంటుంది. నాయనమ్మకి అంత ఓర్పు కావాలి మరి.

ఆగస్టు 4, ఆదివారం

ముసురు. ఎవరూ రాలేదు, సగంమందికి జలుబు. గిజూభాయి ‘పగటికల’ మళ్లీ తీశాను. 1920లో భావనగర్‌లో బాలమందిరం పెట్టినాయన. టీచరు ట్రైనింగులో ఉండగా ఆయన గురించి రెండు మార్కుల ప్రశ్న వచ్చేది. ఫ్రోబెల్ గురించి అయిదు మార్కులకి వచ్చేది: 1837లో జర్మనీలో చిన్నపిల్లల బడి మొదలెట్టాడు, పిల్లలకి కాగితం మడవడం, కాగితం పేలికలతో చాప అల్లడం నేర్పించాడు, పిల్లల తోట అని పేరు పెట్టాడు. బట్టీ పట్టి రాశాను. మా అమ్మ ఆ వేళకి ఇంట్లో ఈతాకు చాప అల్లుతూ ఉండేది, నేను పక్కన కూర్చుని ఫ్రోబెల్ చదివేదాన్ని. రెంటికీ సంబంధం ఉందని ఎవరూ చెప్పలేదు, నాకూ తట్టలేదు.

సెప్టెంబరు 6, శుక్రవారం

రేపు వినాయక చవితి. ఇసక నేలలో బంకమన్ను ఎక్కడిది, కుమ్మరివాళ్లింటి నుంచి ముద్ద తెప్పించాను. పిల్లల వినాయకుడు బొజ్జతో మొదలై దాదాపు బొజ్జతోనే అయిపోతాడు. తొండం అతికించగానే ఊడి ఒళ్లో పడుతుంది. లోపల కొబ్బరి ఈనెపుల్ల గుచ్చితే నిలబడుతుంది, ఇది మా అమ్మ దగ్గర నేర్చుకున్నది. నీళ్లెక్కువైతే కూలతాడు, తక్కువైతే పగులుతాడు. ఎంత పొయ్యాలన్నది నోటితో చెప్పలేను. వాళ్ల చేతి మీద నా చెయ్యి వేసి ముద్ద నొక్కించాలి.

కళ్లకి గురివిందగింజలు పెట్టడం పాత అలవాటు. బళ్లో నేనూ ఏళ్ల తరబడి పెట్టించాను. ఎర్రటి ఒళ్లు, నల్లటి చుక్క, అచ్చం కన్నే. ఇప్పుడు ఇంట్లోకి రానివ్వను. పొట్టు గట్టిదే గానీ నమిలితే, దండ గుచ్చడానికని చిల్లు పెడితే, లోపలున్నది ప్రాణాంతకమైన విషం. ఇన్నేళ్లు ఏమీ కాలేదంటే అది నా తెలివి కాదు. మిరియాలు పెట్టాం. ఒకర్తి మాత్రం పెసలే కావాలంది. పచ్చకళ్ల వినాయకుడు.

సెప్టెంబరు 10

పెసలు మొలిచాయి. రెండు కళ్లలోంచీ రెండు మొలకలు. ఆ పిల్ల నిమజ్జనం చెయ్యనివ్వట్లేదట, వాళ్లమ్మ వచ్చి నామీద పడింది.

అక్టోబరు 11, శుక్రవారం

ఆరేళ్లు. 2018లో ఇదే తేదీన, గురువారం తెల్లవారుజామున, తిత్లీ తుఫాను మా వజ్రపుకొత్తూరు మండలం తీరంలోనే ఒడ్డెక్కింది. గంటకి 140 కిలోమీటర్ల పైబడిన గాలి. పొద్దున్న తలుపు తీస్తే ఆకాశం మామూలుకంటే ఎక్కువగా కనిపించింది. అదేమిటో కాసేపు అర్థం కాలేదు. చెట్లు లేవు.

అప్పటికింకా నేను ఉద్యోగంలో ఉన్నాను. కరెంటు లేదు, ఎప్పుడొస్తుందో చెప్పేవాళ్లు లేరు. ఎటు చూసినా పడిపోయిన కొబ్బరిమట్టలు, నడుంలోతు పచ్చదనం. ఎప్పుడూ తల పైకెత్తి చూసే ఆకు పిల్లల కాళ్ల కిందికొచ్చేసింది. ఆకు చీల్చి చుట్టుకుంటూ పోతే బూర. రెండు పేలికలు మెలేస్తే పాము. ఇంకా వాచీ, కళ్లజోడు, గాలికి తిరిగే గిరగిర. ఎవరు ఎవరికి నేర్పారో తెలియదు, రెండు రోజుల్లో ఊళ్లో పిల్లలందరికీ వచ్చేసింది. తోటల్లో పెద్దవాళ్లు కూలిన చెట్లు లెక్కపెట్టుకుని ఏడుస్తుంటే వెనక బూరల మోత. ఒక రైతు వచ్చి కసిరాడు. ఆయన కోపం న్యాయమే. కొత్త మొక్క పెట్టి కాయ చూడాలంటే అయిదారేళ్లు. నేను పిల్లల్ని ఆపలేదు. అందుకు ఇప్పటికీ నొచ్చుకోవడం లేదు.

తిత్లీ అంటే హిందీలో, ఉర్దూలో సీతాకోకచిలుక. పేరు పెట్టింది పాకిస్తాన్. ఇవాళ దసరా సెలవు కదా, ఎండాకులతో సీతాకోకచిలుకలు అతికిద్దామని పిల్లలతో అన్నాను. మెతుకులు కూడా మెదిపి పెట్టాను. పక్కింటావిడ గోడ మీంచి చూసి, "ఈవేళప్పుడా, అప్పా?" అంది.

కొంగలు చేశాం. జీడాకు ఒళ్లు, ఈనెపుల్ల కాళ్లు.

పెరట్లో 2019 వానలకి పెట్టిన కొబ్బరిమొక్క ఇప్పుడు నా తల దాటి పోయింది. మొన్నటిదాకా గుంటలు నిలబడి ఆకు చించుకునేవారు. ఈ ఏడు ముక్కాలిపీట అడుగుతున్నారు. రెండు షరతులు పెట్టాను: మొవ్వు జోలికి పోకూడదు, ఒక మట్టకి ఒక ఆకే. మొదటిది పాటిస్తారు.

అక్టోబరు 25

దానా తుఫాను ఒడిశా వైపు, ధామ్రా దగ్గర తీరం దాటింది. మాకు వాన, గాలి. రాత్రంతా నిద్ర లేదు. చెట్టు బాగానే ఉంది.

అక్టోబరు 31, గురువారం

దీపావళి. గోగుకాడలు పొద్దున్నే వచ్చాయి. పిల్లల పని పాత నూలుచీర పేలికలు చింపడం. కత్తెర అడగనివ్వను. చిన్న గాటు నేను పెడతాను, అక్కడి నుంచి ఇద్దరు చెరో కొస పట్టుకుని లాగాలి. ఆ పర్రుమనే చప్పుడుకి ఎంత సంబరమో! అవసరానికి మించి చింపేశారు, ఒక లంగా కూడా పోయింది. పేలికలు కాడల చివర చుట్టి, ముడి నేనే వేసి, నూనెలో ముంచి ఉంచాం. ముడి ఆరేళ్లకి గానీ రాదు. సందెవేళ వెలిగించి, వెనక నుంచి చెయ్యి పట్టుకుని, గుమ్మం ముందు దిబ్బుదిబ్బు కొట్టించాను. తర్వాత కాళ్లు కడుక్కుని నోట్లో తీపి.

మా నాన్న తాటి పూగెలలు కాల్చి, ఆ బొగ్గు నూరి, ఉప్పు కలిపి, గుడ్డలో గట్టిగా చుట్టి, తాటిమట్ట చీలికల మధ్య బిగించేవాడు. దానికి తాడు కట్టి, నిప్పు రాజేసి తల చుట్టూ గిరగిరా తిప్పితే నిప్పుపూల గొడుగు. డబ్బు పెట్టి కొన్న మతాబు ఏదీ నాకు అంత గుర్తులేదు. నేను చెయ్యడానికి భయపడతాను. నాన్నకి భయం ఉండేదో లేదో అడగలేదు.

నవంబరు 24, ఆదివారం

ఆటోలో ముగ్గురు పిల్లలు, ఇద్దరు తల్లులు, నేను. నౌపడ దగ్గర తేలినీలాపురం. సెప్టెంబరులో వచ్చిన గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ చింతచెట్ల నిండా గూళ్లు పెట్టుకున్నాయి. పురిటికి వచ్చిన ఆడపడుచులని ఆ ఊరివాళ్లు వాటి జోలికి ఎవర్నీ పోనివ్వరు. మళ్లీ వేసవి ముందు పిల్లల్ని తీసుకుని పోతాయి.

ఇంటికొచ్చి బొమ్మలెయ్యమన్నాను. ఒకడు ముక్కు సంచి వేశాడు, దానికి పక్షిని తగిలించడం మరిచిపోయాడు. ఇంకొకర్తి చెట్టు మొత్తం తెల్లసుద్దతో పులిమింది. ఏమిటమ్మా ఇది అంటే, "రెట్ట" అంది. చూసింది చూసినట్టు వేసినది అదొక్కతే. తర్వాత రెండు పనసాకులు అంచు కలిపి ఈనెపుల్లలతో కుట్టి ముక్కు చేశాం. చింతపిక్కలు చేపలు. తెరిచి మూసి, తెరిచి మూసి, చీకటి పడేదాకా మింగించారు.

డిసెంబరు 2, సోమవారం

పోలి పాడ్యమి. తెల్లవారుజామున చెరువు. అరటిదొప్పలో దీపాలు. ఒక పిల్ల తన దొప్ప వెనకే నీళ్లలోకి దిగబోయింది, జడ పట్టుకుని ఆపాను. చలి.

డిసెంబరు 22, ఆదివారం

భోగిపిడకలు. ఆవుపేడ కాస్త ఊక కలిపి ఉండ చేసి, గోడకి కాక గోనె మీద తట్టి, మధ్యలో వేలితో చిల్లు. ఎవరి వేలు ఎంతో వాళ్ల చిల్లు అంత. అందుకే ఏ పిడక ఎవరిదో అడగకుండానే తెలిసిపోతుంది. ఎండాక తాడుకి గుచ్చాలి. కుక్క ఒకసారి తొక్కింది, అడుగులు పడ్డ పిడకల కోసం కొట్లాట: అవి ముద్ర పడ్డవట.

మొన్న ఒక బళ్లో పిల్లల చేతిపనుల పోటీ, చూడ్డానికి రమ్మన్నారు. ఎల్‌కేజీ పిల్లలు చేసినవని రాసి ఉంది. థర్మాకోలు కోట, ఐస్‌క్రీం పుల్లల ఇల్లు, లోపల బల్బు వెలుగుతోంది. తల్లులు పక్కన నిలబడి ఉన్నారు, కళ్ల కింద నిద్రలేని మచ్చలు. పిల్లలు కొంచెం దూరంగా ఉన్నారు, ముట్టుకోవద్దని చెప్పారు కాబట్టి. మొదటి బహుమతి ఎవరికివ్వాలని నన్నడిగారు. ఫలానా పిల్ల వాళ్ల అమ్మకి అన్నాను. నవ్వారు. మళ్లీ పిలవరు.

జనవరి 13, సోమవారం

భోగి. దండలు మంటలో వెయ్యాలి. నలుగురు వేశారు. అయిదోవాడు దండంతా వేసి, ఒక్క పిడక మాత్రం జేబులో దాచాడు. నేను చూశాను. నేను చూడడం వాడూ చూశాడు.

ఫిబ్రవరి 18, మంగళవారం

ఒక గుంటడి తాతకి వారానికి రెండుసార్లు పలాసలో డయాలసిస్. ఆ రోజుల్లో వాడు నా దగ్గరే. తల్లిదండ్రులు చెన్నైలో పనికి వెళ్లారు. ఉద్దానంలో ఇది ఒక్క ఇంటి మాట కాదు, అందుకే దీని గురించి ఎవరూ గొంతు పెంచి మాట్లాడరు.

పసుపు నీళ్లు పూసి ఆరబెట్టిన కాగితాలు ఇచ్చాను. సబ్బునీళ్లలో ముంచిన పుల్లతో గీస్తే గీత ఎర్రగా వస్తుంది. సున్నమైతే ఇంకా ఎర్రన, కళ్లలో పడుతుందని ఇవ్వను. నిమ్మరసం రాస్తే మళ్లీ పసుపవుతుంది. మిగతావాళ్లకైతే ఇది గారడీ. వాడు నెమ్మదిగా గీశాడు. ఒక మనిషి, మంచం, చేతి నుంచి రెండు ఎర్రటి గీతలు పక్కనున్న డబ్బాలోకి. బాగుందన్నాను. నిమ్మచెక్క అడిగి, ఆ రెండు గీతల మీదా రాశాడు.

మార్చి 9, ఆదివారం

అక్కుపల్లి సముద్రం. తడి ఇసకలో కాలు పెట్టి, పైన ఇసక తట్టి, మెల్లగా కాలు లాగితే పిచ్చుకగూడు. ఏ వస్తువూ అక్కర్లేని పని ఇదొక్కటే. లాగడంలో తొందరపడినవాళ్లవి కూలాయి. తాబేళ్లు గుడ్లు పెట్టే రోజులివి, ఒకటి చచ్చి ఒడ్డున ఉంది. పిల్లలు చాలాసేపు నిలబడ్డారు. ఇంటికొచ్చాక కొబ్బరిచిప్ప బోర్లించి, జీడాకు కాళ్లు తగిలించి తాబేలు చేద్దామని నేననలేదు. వాళ్లే చిప్పలు తెచ్చుకున్నారు.

ఏప్రిల్ 20, ఆదివారం

పిక్కల రోజులు. తోటల్లో జీడిమామిడి పళ్ల వాసన, ఇళ్ల ముందు ఎండబోసిన పిక్కలు. ప్రతి ఏడూ చెప్పే మాటే మళ్లీ చెప్పాను: పిక్కలతో గోలీల్లా ఆడుకోండి గానీ పచ్చి పిక్క చితక్కొట్టొద్దు, కొరకొద్దు. డొల్లలోని నూనె తగిలితే ఒళ్లు కాలినట్టు బొబ్బలెక్కుతుంది. పలాస-కాశీబుగ్గ ఫ్యాక్టరీల్లో పిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లు చూస్తే వేరే చెప్పక్కర్లేదు. దాని చుట్టమే నల్లజీడి, చాకలివాళ్లు బట్టల మీద చెరగని గుర్తులు పెట్టేది దాంతోనే.

విశాఖ నుంచి మనవరాలు దిగింది. ఫోను పక్కన పెట్టడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు ముంజెలు తిన్న తాటికాయలు రెండు, మధ్యలో ఒక పుల్ల, తొయ్యడానికి కొసన చీలిన కర్ర. బండి. ఊళ్లో పిల్లలు దాన్ని దారంతా తోసుకుపోతుంటే ఇది వెనకే పరిగెత్తింది. నాకూ కావాలంది. కొడుకు తన చిన్నప్పటి పనితనం చూపించబోయి పుల్ల విరగ్గొట్టాడు. కోడలు చేసింది, మొదటిసారే సరిగ్గా కుదిరింది. వాళ్లది విజయనగరం పక్క పల్లె అని ఈ పదేళ్లలో నేనెప్పుడూ గుర్తు పెట్టుకోలేదు.

"మీరా పెట్టెలో దూది ఏం చేశారత్తయ్యా?" అని అడిగింది.

"వత్తులు."

"నయమే" అంది.

మే 25, ఆదివారం

పనస కోసిన చేతులకి జిగురు, కొబ్బరినూనె రాసినా పోవట్లేదు. మనవరాలు పనసాకుల కిరీటం పెట్టుకుని పొద్దుట్నుంచీ తియ్యలేదు. ఎల్లుండి వెళ్లిపోతారు.

పెరటి చెట్టు లేత ఆకు ఇప్పుడు ముక్కాలిపీటకీ అందదు. నేను పీటెక్కితే కొడుకు తిడతాడు.

నూతి దగ్గర తిత్లీకి నిలిచిన రెండు పెద్ద చెట్లకి ఇవాళ కాయలు దింపించాను. దింపేవాడు సగం చెట్టెక్కాక కేకేశాను, "బాబూ, ఒక పచ్చిమట్ట కూడా నరికి పడెయ్యి."

"మట్టేటికమ్మా?"

"గుంటలకి."

కాసేపు పైన ఏ చప్పుడూ లేదు. కాయలూ పడలేదు. ఏమైందోనని తలెత్తి చూస్తే మట్టల మధ్య కత్తి నడుముకి దోపుకుని, రెండు చేతులతో ఏదో చుట్టుకుంటున్నాడు. తర్వాత బూర మోగింది. పిల్లలు చెట్టు చుట్టూ చేరారు. వాడు ఇంకోసారి ఊది, కిందికి విసిరాడు.